నాణేన్ని కూడా నడిపించి చూపించండి

నెల్లూరు, కావలి, గూడూరు, ఒంగోలు, మార్కాపురం ఊళ్లల్లో పాత నాణేలు కొని అమ్మే అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

నేను నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఫొటో స్టూడియో నడుపుతాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫొటోలు. కూడు పెట్టేది అదే. నాణేలు మాత్రం చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. మీలో చాలామంది నన్ను ఎరుగుదురు. నాకు అమ్మినవాళ్లున్నారు, నా దగ్గర కొన్నవాళ్లున్నారు, నాలుగు రూపాయలు కాగితంలో చుట్టుకొచ్చి "అన్నా, కొంచెం మెరిసేట్టు తియ్యి" అని ఫొటోలు తీయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ "మెరిసేట్టు" అన్న మాట గురించే ఈ ఉత్తరం.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం కావలి నుంచి రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చారు. ఎండన పడి వచ్చారు, మంచినీళ్లిచ్చినా తాగలేదు. చొక్కా జేబులోంచి చిన్న జిప్ కవరు తీశారు. కౌంటరు మీద తన రుమాలు పరిచి, కవర్లో ఉన్న రూపాయిని దాని మీద పెట్టారు. 1911 నాటి ఐదో జార్జి వెండి రూపాయి. పక్కన తన ఫోను పెట్టి, ఏ ఫొటో చూసి ఆ నాణెం కొన్నారో ఆ ఫొటో తెరిచారు.

"ఈ రెండూ ఒకటేనా నాయనా?"

ఫొటో చూడగానే నాకు ఒళ్లు చల్లబడింది. అది నేను తీసిందే. కింద పరిచిన నీలం వెల్వెట్ గుడ్డ మా స్టూడియోలోదే. అంచు దగ్గర ఒక ఇంగ్లిషు అక్షరం పక్కనున్న చిన్న నొక్కు ఫొటోలోనూ ఉంది, నాణెం మీదా ఉంది. "ఒకటే మాస్టారూ" అన్నాను.

ఆయనేం మాట్లాడలేదు. రూపాయిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు పట్టుకుని ఎత్తి, ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ మెల్లగా వంచారు. ఒక వాటంలో ఏమీ లేదు. ఇంకొంచెం వంచేసరికి రాజు చెంప మీద నుంచి మెడ దాకా, వెనకున్న ఖాళీ జాగా అంతా, వెంట్రుక కన్నా సన్నని గీతలు ఒక్కసారిగా లేచాయి. వందల గీతలు, అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. స్టీలు గిన్నెను పీచుతో తోమితే పడతాయే, అవే. ఎవరో ఆ నాణేన్ని పొడి పెట్టి ఒకే దిక్కుగా రుద్దారు. ఫొటోలో ఒక్క గీత కూడా లేదు.

ఆ నాణెం తెచ్చిన వ్యాపారి ఎవరో ఇక్కడ రాయను. ఆయన మనందరికన్నా చెడ్డవాడేమీ కాదు. ఫొటో కింద "ఏయూ, ఒరిజినల్ లస్టర్" అని, అంటే అరుగుదల దాదాపు లేదు, టంకశాల మెరుపు అట్టే ఉంది అని, రాసుకున్నది ఆయన. ఆ ఫొటోకి డబ్బు తీసుకున్నది నేను. పెన్షన్ డబ్బు పెట్టి కొన్నది మాస్టారు.

1911 రూపాయి మీద ఆశ ఎందుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు గానీ, ఈ ఉత్తరం చదివే కొత్తవాళ్ల కోసం ఒక మాట. ఆ ఏడాది రూపాయి మీద రాజు తొడుక్కున్న అంగీలో ఒక ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా ఉండి అది పందిలా ఉందని గొడవైంది. సర్కారు చాలా నాణేలు వెనక్కి తీసుకుని కరిగించి, 1912 నుంచి ఏనుగును ఏనుగులాగే చెక్కించింది. మిగిలిన 1911 రూపాయలకు "పంది రూపాయి" అని పేరు పడింది. మాస్టారు ముప్పయ్యేళ్లు సోషల్ పాఠాలు చెప్పారట. ఆ కథ పిల్లలకు చెప్పీ చెప్పీ, చివరికి ఆ నాణెం ఒకటి చేతికి రావాలని కోరిక. వచ్చింది, తోమించుకుని వచ్చింది.

ఇక నేను చేసిందేమిటో చెబుతాను. పెళ్లికూతురి మొహం మీద మొటిమల మచ్చలు కనపడకూడదంటే రెండు పక్కలా గొడుగు లైట్లు పెడతాం. వెలుతురు అన్ని వైపుల నుంచీ మెత్తగా పడితే నీడ పుట్టదు. నీడ లేని చోట గుంటా కనపడదు, గీతా కనపడదు. నాణేనికి కూడా అదే చేశాను. రెండు వైపులా లైట్లు, మధ్యలో ట్రేసింగ్ పేపరు. తరవాత కంప్యూటర్లో కాస్త కాంట్రాస్ట్ పెంచాను, వెండి తళతళలాడింది. పెళ్లిచూపుల ఫొటో ఎంత బాగున్నా మగపెళ్లివాళ్లు ఇంటికొచ్చి పిల్లను చూడకుండా తాంబూలాలు పుచ్చుకోరు. మన వ్యాపారంలో ఫొటోతోనే పెళ్లి కూడా అయిపోతోంది.

మీ ఫోన్లతో మీరు తీసే ఫొటోలూ ఇంతే. కిటికీ పక్కన తెల్లకాగితం మీద పెట్టి, మబ్బు పట్టిన రోజు తీస్తే నా గొడుగు లైట్లు చేసే పనే ఆ మబ్బు చేస్తుంది. ఫ్లాష్ వేసి తీస్తే ఇంకో రకం మోసం, నడిమధ్యన తెల్లటి మచ్చ, చుట్టూ చీకటి. దానికి తోడు ఇప్పటి ఫోన్లు మనం అడక్కుండానే బొమ్మను సరిచేస్తాయి. సన్నని గీతల్ని మచ్చలనుకుని చెరిపేస్తాయి, అక్షరాల అంచుల్ని లేనంత పదునుగా గీస్తాయి. వీఎఫ్ (కొంత అరిగిన) నాణెం ఫోన్లో ఎక్స్ఎఫ్ (కొద్దిగానే అరిగినది) అయి కూర్చుంటుంది. అమ్మేవాడికి మోసం చేయాలన్న ఆలోచన కూడా అక్కర్లేదు.

టంకశాల నుంచి వచ్చిన నాణేనికి ఒక మెరుపుంటుంది, మీకు తెలిసిందే. అచ్చుల మధ్య దెబ్బ పడినప్పుడు లోహం నడిమధ్య నుంచి అంచు వైపుకు పారుతుంది. ఆ పారుడు మన కంటికి విడిగా కనపడనంత సన్నని చారలను వదిలిపెడుతుంది. వాటి మీద వెలుతురు పడి, నాణేన్ని వంచినప్పుడల్లా ఆ మెరుపు బండి చక్రంలో ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. తోమిన నాణెం కూడా మెరుస్తుంది, కాదనను. కానీ దాని మెరుపు తిరగదు. ఉన్నచోటే ఉండి, వంచితే ఒక్కసారిగా ఆరిపోతుంది, లేదా నాణెమంతా ఒకేసారి భగ్గున వెలుగుతుంది. కదలని ఫొటోలో ఈ రెంటికీ తేడా పట్టుకోవడం చాలా కష్టం. నా కళ్లు ఈ పనికి అలవాటు పడ్డవే, నేనే కొన్నిసార్లు బోల్తా పడ్డాను.

ఒంగోలు గిత్తను కొనేవాడిని చూడండి. నిలబెట్టి ఉన్న ఎద్దును చూసి బేరమాడతాడా? నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, మూపురం తడుముతాడు, ఆ చివరిదాకా నడిపించి వెనక్కి తెప్పిస్తాడు. కుంటు ఉంటే నడకలోనే బయటపడుతుంది. నాణెం కుంటు కూడా నడకలోనే తెలుస్తుంది. అందుకని నేను మిమ్మల్ని అడిగే మొదటి కోరిక ఇది. ప్రతి నాణేనికీ పది సెకన్ల వీడియో తియ్యండి. పైన ఒకే ఒక్క టేబుల్ ల్యాంపు, నాణెం అంచు పట్టుకుని మెల్లగా వంచండి, తిప్పండి, రెండో వైపూ అంతే. మెరుపు తిరుగుతోందా లేదా కొనేవాడే చూసుకుంటాడు.

రెండోది పక్క లైటు ఫొటో. గడియారంలో పది గంటల చోట ల్యాంపు పెట్టి, కాస్త కిందికి దించి, వెలుతురు నాణెం మీద ఏటవాలుగా పడేట్టు చేయండి. పొద్దుటి ఎండలో పొలం గట్ల నీడలు ఎట్టా సాగుతాయో, ఆ వెలుతురులో ప్రతి గీతకూ నీడ సాగుతుంది. ఇందులో అన్యాయం కూడా ఉంది, దాచను. చేతులు మారిన ప్రతి నాణెం మీదా సహజంగా పడే చిన్నచిన్న గీతలు ఆ వెలుతురులో ఉన్నదానికన్నా భయంకరంగా కనిపిస్తాయి. మంచి నాణేన్ని కూడా గీరేసిన రేకులా చూపించొచ్చు. అందుకే ఆ ఒక్కటే పెట్టమనడం లేదు. పై నుంచి వెలుతురు పడ్డ ఫొటో ఒకటి, ఏటవాలుది ఒకటి, పక్కపక్కన పెట్టండి. నిజం ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

కింద ఏం పరచాలన్నది చిన్న విషయమే కానీ నాకు ముచ్చటైన విషయం. తెల్లకాగితం మీద పెడితే ఫోను ఆ తెలుపు చూసి కళ్లు చికిలిస్తుంది, నాణెం నల్లగా పడుతుంది. నల్ల వెల్వెట్ మీద పెడితే కళ్లు మరీ విప్పుతుంది, వెండి తెల్లగా పేలిపోయి చెంప మీద ఉన్న అరుగుదల కనపడకుండా పోతుంది. నడిమి రంగు కావాలి, మెరవనిది కావాలి. ఇన్నేళ్ల మీద నేను చివరికి తేలింది మన మార్కాపురం పలక దగ్గర. బూడిదనలుపు, మెరుపు లేదు, రంగు కలవదు. పలక మీద సీసా మూత ఒకటి బోర్లించి, దాని మీద నాణెం పెడితే కింద నీడ కూడా పడదు. పలక మీద నాణేన్ని జరపకండి, ఎత్తి పెట్టండి, ఎంతైనా రాయి. మొన్న ఒక తమ్ముడు చీమకుర్తి గ్రానైటు ముక్క మీద పెట్టి తీశాడు. ఫొటోలో రూపాయి చుట్టూ నక్షత్రాలు, మధ్యలో వాడి ముక్కు, ఫోను, సీలింగ్ ఫ్యాను. గ్రానైటు మాత్రం అద్భుతంగా పడింది.

ఫోనును నాణేనికి ఆనించినంత దగ్గర పెట్టకండి. దగ్గరికి పోయేకొద్దీ నడిమి భాగం ఉబ్బి అంచులు వెనక్కి పోతాయి, ఫోను నీడ కూడా పడుతుంది. జానెడు దూరం జరిగి రెండింతలు జూమ్ చేయండి. పసుప్పచ్చ బల్బు వద్దు, దాని కింద వెండి కూడా ఇత్తడిలా ఉంటుంది. కవర్లో ఉంచి తీయొద్దు. ఫొటో పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది నలిపి చిన్నది చేసి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది. ఇది చాదస్తం కాదు. ఐదో జార్జి రూపాయి బొంబాయిదా కలకత్తాదా అని తెలిసేది వెనక వైపు కింద తామరపువ్వు దగ్గరున్న ఆవగింజంత చుక్కతో. చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. విక్టోరియా 1862 రూపాయి అయితే ఇంకా చిక్కు. ఆ తరవాత పన్నెండేళ్ల దాకా అదే 1862 వేసి కొట్టారు, చుక్కల లెక్కను బట్టి రకం తేల్చాలి. నలిగిన ఫొటోలో చుక్కలు మాయమవుతాయి, మచ్చలు చుక్కలవుతాయి. ధర ఒకటికి పది మారిపోయే చోట ఇది.

ఇప్పుడు కడగడం గురించి. ఇందులో మిమ్మల్ని తిట్టే హక్కు నాకు లేదు. మా జేజి దగ్గర తొమ్మిది వెండి రూపాయలుండేవి, పూజగదిలో కుంకుమ భరిణె పక్కన. ఏటా వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు చింతపండు, విభూతి పెట్టి తోమేది. ఆరేళ్ల పిల్లవాణ్ణి, పక్కన కూర్చుని నేనూ రుద్దేవాణ్ణి. నల్లటి నీళ్లు కారిపోతుంటే లోపల నుంచి తెల్లటి రాణి బయటికొస్తుంటే ఎంత సంబరమో. ఇప్పుడు ఆ తొమ్మిదీ నా దగ్గరే ఉన్నాయి. విక్టోరియా జుట్టు మీద పాయలు లేవు, చెవి పైన నున్నటి బుడిపె ఒకటి మిగిలింది. జేజి దేవుడి కోసం తోమింది, అమ్మడానికి తోమలేదు. మన ఇళ్లల్లో బయటపడే వెండి రూపాయల్లో సగం ఇట్టా పూజ చేయించుకున్నవే. కాబట్టి కడిగిన నాణెం అమ్మడం తప్పని నేననను. కడిగారని రాయండి, అంతే. తెలియకపోతే "కడిగినట్టుంది" అని రాయండి. ఒక్క మాట. ఇంట్లో తీసి అమ్మేవాళ్లకు మాత్రం ఒక దండం పెట్టి చెబుతున్నాను: నల్లబడి ఉంటే నల్లగానే పట్టుకురండి. వెండి మీద ఆ నలుపు ఏళ్ల తరబడి కూర్చుంది, పోగొట్టాక మళ్లీ తెప్పించలేం. ఆచారి దగ్గరికి తీసుకుపోయి మెరుగు పెట్టించారో, ఇక అది నాణేల వాళ్ల సరుకు కాదు, వెండి తూకం సరుకు.

అంచు ఫొటో కూడా కావాలి. ఇది మీలో ఒక్కరూ పెట్టరు. మార్కాపురం వైపు తండాల్లోనూ మన పాత కుటుంబాల్లోనూ రూపాయలకు కొక్కేలు అతికించి దండలు వేసుకునేవాళ్లు. ఆ కొక్కెం ఊడదీసి, టంకం గీకి, అరగదీసి అమ్మకానికి పెడితే ముందు నుంచి తీసిన ఫొటోలో ఏమీ తెలియదు. కిరీటం పైన అంచు మీద పళ్లు నున్నగా ఉంటాయి, అంతే గుర్తు. పోతపోసిన దొంగ నాణెం కూడా అంచు దగ్గరే దొరుకుతుంది, చుట్టూ సన్నని అతుకు గీత ఉంటుంది. దాంతోపాటు తూకం రాయండి. వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. మన తులం లెక్క పుట్టింది ఆ రూపాయి బరువుతోనే, ఇప్పుడు బంగారం కొట్ల వాళ్లు సులువు కోసం పదికి దించారు గానీ. వందేళ్లు చేతులు మారినది కాస్త తగ్గితే తగ్గొచ్చు. మరీ తేడా ఉంటే కొనేవాడు ప్రశ్న వేస్తాడు, వేయనివ్వండి.

ఇక అక్షరాల సంగతి. వీఎఫ్, ఎక్స్ఎఫ్, ఏయూ, యూఎన్‌సీ. చివరిది అసలు చెలామణీలోకే పోని నాణేనికి. వీటిని మీరు ఉగాది పచ్చడిలో ఉప్పు వేసినంత ధారాళంగా వేస్తున్నారు. నాకు తెలిసి ఈ ఏడాది మన చుట్టుపక్కల ఊళ్లల్లో చూసిన ప్రతి ఐదో జార్జి రూపాయీ "యూఎన్‌సీ" యే. వందేళ్లు చేతులు మారినా అరగనట్టున్నాడు ఆ రాజు. కొందరు తమ్ముళ్లు ఈ మధ్య అంకెలు కూడా వేస్తున్నారు, 62 అని, 64 అని. ఆ డెబ్బై అంకెల స్కేలు 1949లో విలియం షెల్డన్ అనే అమెరికా ఆయన వాళ్ల పెద్ద రాగి సెంట్ల కోసం తయారు చేసింది. ఇప్పుడు పెద్ద గ్రేడింగ్ కంపెనీలు దాన్నే వాడుతున్నాయి, నిజమే. కానీ ఆ కంపెనీలు కూడా నాణేన్ని చేతికి తెప్పించుకుని, లైటు కింద తిప్పి చూసే అంకె వేస్తాయి. ఫొటో చూసి 64 వేసే మొనగాడు మన ఊళ్లోనే ఉన్నాడంటే గర్వపడాలో భయపడాలో తెలియడం లేదు.

అక్షరం వేయకండి అనను. అక్షరానికి ముందు ఎక్కడ అరిగిందో రెండు ముక్కలు రాయండి. ఐదో జార్జి అయితే ముందు అరిగేది చెవి, మీసం, కనుబొమ్మ, కిరీటం మీది నగిషీ, ఆ ఏనుగున్న అంగీ. విక్టోరియా అయితే చెవి పైన జుట్టు, చెంప, రవిక మీది పనితనం. "కనుబొమ్మ ఉంది, మీసం పాయలు సగం, ఏనుగు తెలుస్తోంది, వెనక పువ్వు బాగుంది" అని రాసినవాడికి అక్షరం అక్కర్లేదు. కొనేవాడి బుర్రలోనే అక్షరం తయారవుతుంది.

అరుగుదలకూ, అచ్చు సరిగా పడకపోవడానికీ తేడా మీలో పాతవాళ్లకు బాగా తెలుసు. అచ్చు గట్టిగా పడని చోట బొమ్మ లేకపోయినా మెరుపు ఉంటుంది. అరిగిన చోట మెరుపు చచ్చిపోయి బూడిదరంగు తేలుతుంది. చేతిలో ఉంటే క్షణంలో చెప్పేస్తాం. మెత్తటి వెలుతురులో తీసిన ఫొటోలో ఈ రెండూ ఒకేలా ఉంటాయి. నేనే ఒకసారి ఆరో జార్జి అణా కొన్నాను. పువ్వు రేకుల్లా వంకీలు తిరిగిన ఆ నికెల్ అణా మీద ఇంగ్లిషు కాక ఇంకో నాలుగు భాషల్లో విలువ రాసి ఉంటుంది, అందులో మన తెలుగు కూడా ఉంది, "ఒక అణా" అని. ఫొటోలో ఆ తెలుగు అక్షరాలు మసగ్గా ఉన్నాయి. అరిగిందనుకుని తక్కువకు అడిగాను, అమ్మినాయన కూడా అరిగిందనుకునే ఇచ్చాడు. చేతికొచ్చాక చూస్తే అక్షరాల చుట్టూ చక్కటి మెరుపు, అచ్చు ఆ పక్క బలహీనంగా పడింది, అంతే. నష్టపోయింది అమ్మినాయన. చెడ్డ ఫొటో ఎప్పుడూ కొనేవాణ్ణే ముంచుతుందని అనుకోకండి.

మీలో ఒకరు నాతో అన్న మాట ఉంది. "అట్టా గీతలన్నీ చూపించి తీస్తే ఎవుడు కొంటాడన్నా? పక్కనోడు మెరిపించి పెట్టుంటాడు, నాది చూసి నవ్విపోతారు." న్యాయమైన మాటే. దానికి నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు, నా సొంత అనుభవం ఒకటుంది. నా దగ్గర రెండున్న 1919 రూపాయల్లో ఒకటి, మెడ మీద అడ్డంగా గీత ఉన్నది, ఆ గీతను పెద్దది చేసి మరీ చూపించి అమ్మకానికి పెట్టాను. మూడు వారాలు ఎవరూ అడగలేదు. తరవాత అద్దంకి నుంచి ఒకాయన ఫోను చేసి, బేరమాడకుండా, నేను చెప్పిన రేటుకి తీసుకున్నాడు. గీత లేని నాణేనికి వచ్చే ధర కన్నా తక్కువే. కానీ ఆయన మళ్లీ ఫోను చేశాడు, ఇంకో రెండు కొన్నాడు, ఈసారి ఫొటోలు సరిగా చూడకుండానే కొన్నాడు. వద్దు, చూడు అని నేనే పట్టుబట్టాల్సి వచ్చింది. మెరిపించి పెట్టిన పక్కనాయన సంగతి నాకు తెలియదు. ఆయన పార్సిళ్లు కొన్ని వెనక్కి వస్తుంటాయని కొరియరు పిల్లాడు మాత్రం చెప్పాడు.

మన గడ్డ మీద ఈ పని ఒకప్పుడు ఎంత బాగా జరిగిందో చెప్పనివ్వండి. 1780ల్లో, నెల్లూరు దగ్గర ఒక రాళ్లగుట్ట పక్కన దున్నుతున్న రైతు నాగలి ఇటుకల కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి పునాదులు, దాని కింద ఒక కుండ, కుండలో రోము దేశపు బంగారు నాణేలు. పాపం ఆయన పాత బంగారం కింద అమ్మేశాడు, చాలా వరకు కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా దొరకబుచ్చుకున్నాడు. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్సన్‌కి రెండు ఏరుకునే అవకాశం వచ్చింది, హాడ్రియన్ చక్రవర్తిది ఒకటి, ఫౌస్టినా రాణిది ఒకటి తీసుకున్నాడు. తరవాత ఆయన ఆ నాణేల గురించి ఒక ఉత్తరం రాశాడు. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయనీ, కొన్ని బాగా చెడిపోయి బెజ్జాలు పడి ఉన్నాయనీ, వాటిని చేతికో మెడకో నగగా వేసుకుని ఉంటారనీ రాశాడు. కెమెరా అనేదే పుట్టని రోజుల్లో రాసిన ఆ నాలుగు వాక్యాల్లో మెరుపూ ఉంది, బెజ్జమూ ఉంది. బెజ్జం పడ్డది వేరు, పడనిది వేరు అని విడదీసి చెప్పాడు. మీరు పెట్టే వివరంలో ఆ పాటి ఉంటే చాలు. (ఇవాళ ఎవరి పొలంలోనైనా అట్లాంటి కుండ బయటపడితే నాకు ఫోను చేయకండి, మీలో మీరు పంచుకోకండి. పది రూపాయల విలువ దాటిన పాతర దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది.)

కొనేవాళ్లకు కూడా ఒక చురక. అర్ధరాత్రి పదకొండింటికి మసక ఫొటో ఒకటి పంపి, "దీనికి ఎంతొస్తుంది?" అని అడిగే తమ్ముళ్లూ, నా దగ్గర చిలక జ్యోస్యం లేదు. ఒక ఫొటో చూసి గ్రేడు చెప్పమంటే "వీఎఫ్‌కీ ఎక్స్ఎఫ్‌కీ మధ్య" అనే చెబుతాను, అంతకన్నా గట్టిగా చెప్పేవాణ్ణి నమ్మకండి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలిస్తామని, ముందు కమిషను కట్టమని ఫోన్లు చేసేవాళ్ల సంగతి ఇక్కడ రాయను. రిజర్వు బ్యాంకు 2021లోనే తమ పేరు చెప్పి పాత నాణేలు కొంటామనేవాళ్లను నమ్మొద్దని ప్రకటన ఇచ్చింది, అది చాలు.

మాస్టారి రూపాయి ఏమైందని అడుగుతారు కదా. వ్యాపారి ఆ సాయంత్రమే డబ్బు వెనక్కి పంపుతానన్నాడు, పంపాడు కూడా. మాస్టారు నాణేన్ని ఇవ్వలేదు. తోమిన నాణెం ధర ఎంతో కనుక్కుని, అంత ఉంచుకోమని మిగతాదే తీసుకున్నారు. "ఏనుగు బాగానే ఉంది నాయనా, పిల్లలకు చూపించడానికి సరిపోతుంది" అన్నారు. నేను ఫొటోకి తీసుకున్న డబ్బు ఆయనకు ఇవ్వబోతే కోప్పడ్డారు.

ఇకమీదట మా స్టూడియోలో నాణేల ఫొటోలు తీసే పద్ధతి ఇది. గొడుగు లైట్లు వేయను. పలక మీద పెట్టి, రెండు వైపులా పై లైటుతో ఒకసారి, ఏటవాలు లైటుతో ఒకసారి, అంచు ఒకటి, పది సెకన్ల వీడియో. కంప్యూటర్లో రంగులు ముట్టుకోను. ఆదివారం ఉదయం పదింటి నుంచి ఒంటిగంట దాకా, ముహూర్తాలు లేని ఆదివారాల్లో, ఎవరు తెచ్చినా తీసిపెడతాను, డబ్బు తీసుకోను. తోమకుండా తెండి.

మాస్టారు ఆ రూపాయిని ఒక పూట నా దగ్గర వదిలి వెళ్లారు. ఏటవాలు లైటులో మళ్లీ తీశాను. పాత ఫొటో, కొత్త ఫొటో రెండూ అరచేయంత సైజులో ప్రింటు వేసి కౌంటరు అద్దం కింద పక్కపక్కన పెట్టాను. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లు కూడా వంగి చూసి అడుగుతున్నారు, ఇవి రెండు వేరు వేరు నాణేలా అని.

ఇట్లు,
స్టోన్‌హౌస్‌పేట ఫొటోగ్రాఫరు